కపోదిస్త్రియాస్ జీవితంపై ఆరు ఆదివారాల పాఠాలు: విజయవాడలోని ఒక కోర్సుపై సమీక్ష

మొగల్రాజపురంలో పోటీ పరీక్షలకు శిక్షణ ఇచ్చే ఒక కేంద్రం, తన రోజువారీ తరగతులతో సంబంధం లేకుండా, ఆదివారం ఉదయాల్లో ఒక్కొక్క దేశాధినేత జీవితాన్ని ఆరు పాఠాలుగా చెప్పించే ఏర్పాటు చేసింది. ఈ విడతకు వారు ఎంచుకున్న వ్యక్తి యోవాన్నిస్ కపోదిస్త్రియాస్. ఒట్టోమన్ ఏలుబడి నుంచి బయటపడుతున్న గ్రీసుకు 1828 జనవరిలో గవర్నరుగా వచ్చి, 1831 అక్టోబరులో హత్యకు గురయ్యేవరకు పాలించిన ఈయనను ఆధునిక గ్రీసు తొలి దేశాధినేతగా చరిత్రకారులు గుర్తిస్తారు. గ్రీసు అనగానే మనకు సోక్రటీసూ అలెగ్జాండరూ తప్ప మరొకరు తోచరు. ఆ తరువాత రెండు వేల ఏళ్లకు ఆ నేల మీద ఒక రాజ్యం ఎలా నిలబడిందో తెలుగులో విడమరిచి చెప్పేవారు అరుదు. అందుచేత 1,800 రూపాయల రుసుము కట్టి ఈ కోర్సులో చేరాను. చేరదలచినవారికి ఉపయోగపడేలా దాని మంచిచెడులను ఇక్కడ వివరిస్తున్నాను.

పాఠం చెప్పేవారు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించి ఉద్యోగ విరమణ చేసిన అధ్యాపకులు. కాగితం చూడకుండా, గొంతు పెంచకుండా, చెప్పిన మాటను మళ్లీ చెప్పకుండా రెండున్నర గంటలు మాట్లాడగలరు. కపోదిస్త్రియాస్ గురించి రాసేవారు చాలామంది చర్చి గుమ్మంలో జరిగిన హత్యతో మొదలుపెట్టి వెనక్కి వెళతారు. ఈయన ఆ పని చేయలేదు. మొదటి రోజే, "హత్య గురించి అడగాలనుకున్నవారు ఇప్పుడే అడిగేయండి, మళ్లీ అయిదో వారం దాకా ఆ ఊసు ఎత్తను" అన్నారు, అన్నట్టే నడిచారు. దానివల్ల కలిగిన లాభం పెద్దది. చావు ముందే తెలిసిన మనిషి చేసిన ప్రతి పనిలోనూ ఆ చావుకు కారణం వెతికే అలవాటు శ్రోతలకు తప్పింది. ఆ మనిషిని ఒక పాలకుడిగా, ఆయన పద్దులను బట్టీ ఉత్తర్వులను బట్టీ తూచే అవకాశం దక్కింది.

మొదటి పాఠం కోర్ఫూ దీవితో మొదలవుతుంది. 1776లో ఆయన పుట్టినప్పుడు ఆ దీవి వెనిస్ గణరాజ్యం కింద ఉండేది. కులీన కుటుంబం కావడంతో చదువుకోసం ఇటలీలోని పాదువాకు వెళ్లి వైద్యం, న్యాయం, తత్త్వం చదివి, 1797లో వైద్యుడిగా తిరిగి వచ్చాడు. సరిగ్గా ఆ ఏడాదే నెపోలియన్ వెనిస్‌ను కూలదోయడంతో దీవులు ఫ్రెంచివారి చేతికి, రెండేళ్లకే రష్యా, తుర్కీల ఉమ్మడి నౌకాదళం చేతికి మారాయి. 1800లో ఏడు దీవులూ కలిసి ఒక చిన్న గణరాజ్యంగా ఏర్పడితే, అందులో 1803 నాటికి, అంటే ఇరవై ఏడేళ్ల వయసులో, ఆయన రాజ్య కార్యదర్శి అయ్యాడు. ఈ భాగాన్ని అధ్యాపకులు చాలా ఓపికగా చెప్పారు. ఏలినవారు పదేపదే మారిపోయిన దీవిలో పుట్టిన యువకుడికి, జెండాల కంటే దస్త్రాల మీదనే నమ్మకం ఎందుకు కుదిరిందో ఇక్కడే అర్థమవుతుంది. 1807లో ఫ్రాన్సు, రష్యాల మధ్య కుదిరిన తిల్సిత్ సంధితో ఆ చిన్న గణరాజ్యమూ పోయి, దీవులు మళ్లీ ఫ్రాన్సు పాలయ్యాయి.

రెండో పాఠం నన్ను నిరాశపరిచింది. 1809లో రష్యా కొలువులో చేరిన కపోదిస్త్రియాస్, చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ పనుపున 1813 చివర్లో స్విట్జర్లాండుకు వెళ్లి, కీచులాడుకుంటున్న కాంటన్లను, అంటే రాష్ట్రాల వంటి స్వపరిపాలిత ప్రాంతాలను, ఒక సమాఖ్యగా కూర్చడంలో ప్రధాన పాత్ర వహించాడు. నెపోలియన్ కాలంలో పంతొమ్మిదిగా ఉన్న కాంటన్లు 1815కు ఇరవై రెండయ్యాయి. అదే ఏడాది నవంబరులో ఆ దేశపు శాశ్వత తటస్థతను యూరపు అగ్రరాజ్యాలు గుర్తించాయి. జెనీవా, లోజాన్ నగరాలు ఆయనకు గౌరవ పౌరసత్వం ఇవ్వడం దీని ఫలితమే. తరువాత గ్రీసులో ఆయన చేయబోయిన ప్రతి పనికీ ఇక్కడ ఒక ముందు నమూనా ఉంది. అయినా స్విట్జర్లాండునూ, నెపోలియన్ ఓటమి తరువాత యూరపు సరిహద్దులు తేల్చిన వియన్నా సమావేశాన్నీ కలిపి అరగంటలో దాటించేశారు. గోడ మీద ఒక్క పటమైనా లేదు. కాంటన్ అంటే ఏమిటో తెలియని శ్రోతలకు పటం లేకుండా కాంటన్ల తగాదా ఎలా అర్థమవుతుంది? ప్రొజెక్టరు ఉన్నా దానిని అధ్యాపకుల ఛాయాచిత్రం చూపడానికే వాడారు.

అయితే అదే పాఠం రెండో సగంలో, 1816 నుంచి 1822 వరకు కార్ల్ నెస్సెల్‌రోడేతో కలిసి ఆయన రష్యా విదేశాంగ వ్యవహారాలు చూసిన కాలాన్ని మాత్రం బాగా పట్టుకున్నారు. గ్రీకు విముక్తి కోసం రహస్యంగా పుట్టిన ఫిలికి ఎతేరియా సంఘం ఆయనను నాయకత్వం వహించమని కోరింది, ఆయన నిరాకరించాడు; 1820లో మళ్లీ కోరింది, మళ్లీ నిరాకరించాడు. ఆ బాధ్యత అలెగ్జాండర్ ఇప్సిలాంతిస్ భుజాన పడింది. ఆయన నిరాకరణను పిరికితనంగా చూసేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. అధ్యాపకుల వాదన వేరు. సమయం కాని సమయంలో తిరగబడితే యూరపు రాజులందరూ దానిని ఫ్రెంచి విప్లవపు పిల్లగానే చూస్తారనీ, ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ దానిని అణచడానికి కాచుకుని ఉన్నాడనీ కపోదిస్త్రియాస్‌కు తెలుసు. 1821లో తిరుగుబాటు రాజుకోగానే ఆయన చక్రవర్తిని గ్రీకుల పక్షానికి తిప్పాలని ప్రయత్నించి విఫలుడై, 1822లో దీర్ఘకాలపు సెలవు మీద జెనీవా చేరాడు. అక్కడ పొదుపుగా బతుకుతూ, బ్యాంకరు జాన్ గాబ్రియెల్ ఎయ్‌నార్ వంటి మిత్రులతో కలిసి గ్రీసుకు విరాళాలు సమకూర్చాడు. పదవి లేని ఆ అయిదేళ్లే ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. దానికి పది నిమిషాలే దక్కాయి.

కోర్సుకు గుండెకాయ వంటిది మూడో పాఠం. 1827 ఏప్రిల్‌లో ట్రోజెన్‌లో కూడిన జాతీయ సభ ఆయనను ఏడేళ్లకు గవర్నరుగా ఎన్నుకుంది. అక్టోబరులో నవరినో రేవులో బ్రిటన్, ఫ్రాన్సు, రష్యా ఓడలు ఒట్టోమన్, ఈజిప్టు నౌకాదళాన్ని ధ్వంసం చేశాయి. మరుసటి జనవరిలో ఆయన నాఫ్ప్లియోలోనూ, ఆపై ఎజీనా దీవిలోనూ కాలుమోపాడు. ఖజానాలో డబ్బు లేదు. ఈజిప్టు సేనాని ఇబ్రహీం దండు ఇంకా గ్రీసు దక్షిణ ద్వీపకల్పం పెలొపొనెసస్‌లోనే ఉంది. నాఫ్ప్లియోలో ఒక కోటలోని ముఠా మరో కోటలోని ముఠా మీద ఫిరంగులు పేల్చుకుంటోంది. ఆ స్థితిలో ఆయన చేసిన తొలి పెద్ద పని, తనను ఎన్నుకున్న సభ రాసిన రాజ్యాంగాన్నే పక్కన పెట్టించి, పాన్‌హెల్లీనియన్ అనే ఇరవై ఏడుగురి సలహా మండలిని నియమించుకోవడం. సభ తన అధికారాన్ని తానే వదులుకుంది కాబట్టి దీనిని బలవంతం అనలేము. అయితే గవర్నరు అడగకుండా ఆ సభ వదులుకునేదీ కాదు.

ఈ ఒక్క నిర్ణయం మీద తరగతి మొత్తం గంటకు పైగా వాదించుకుంది. గ్రూప్-1 పరీక్షకు చదువుతున్న ఒక అమ్మాయి లేచి, "సార్, ఎన్నుకున్న సభ రాసిన రాజ్యాంగాన్నే పక్కన పెడితే ఆ ఎన్నికకు విలువ ఏముంటుందండీ?" అని అడిగింది. "అమ్మా, ఆ ప్రశ్న హైడ్రా దీవి ఓడల యజమానులూ అడిగారు, పారిస్‌లో కూర్చున్న పండితుడు కొరాయిస్ కూడా అడిగాడు. ఓడల యజమానులకు ఆ ప్రశ్నతో పాటు ప్రభుత్వం నుంచి రావలసిన బాకీ కూడా ఉంది, అంతే తేడా" అన్నారు అధ్యాపకులు. తరగతి నవ్వింది కానీ ఆ అమ్మాయి నవ్వలేదు. ఆమె మరో ప్రశ్న వేసింది: బాకీ లేని కొరాయిస్ అడిగినదానికి జవాబేమిటని. దానికి ఆయన వెంటనే జవాబు చెప్పకుండా, అయిదో పాఠం విన్నాక మీరే చెప్పండి అన్నారు. తప్పించుకున్నారని అప్పుడు అనిపించింది. వరుస మొత్తం విన్న తరువాత, దానిని అక్కడ తేల్చకపోవడమే సరి అనుకుంటున్నాను.

రాజధాని విషయం వచ్చినప్పుడు శ్రోతల్లో చిన్న కదలిక కనిపించింది. ముందు ఎజీనా, 1829లో నాఫ్ప్లియో, ఆయన పోయాక 1834లో ఏథెన్స్. తాత్కాలిక భవనాల్లో కార్యాలయాలు నడపడం, కాగితాలు మూటలు కట్టి మరో ఊరికి తరలించడం అంటే ఏమిటో 1953లో కర్నూలు రాజధానినీ, 1954లో గుంటూరులో హైకోర్టునూ, 1956లో అన్నీ హైదరాబాదుకు తరలిపోవడాన్నీ పెద్దల నోట విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. తెనాలి నుంచి వచ్చే ఒక పెద్దాయన మన దగ్గర మొదలుపెట్టారంటే ఇక ఆపరేమోనని భయపడ్డాను. అధ్యాపకులు మర్యాదగానే ఎజీనాకు తిరిగి తీసుకువచ్చారు.

నాలుగో పాఠానికి ఒక్కదానికే రుసుములో సగం ఇవ్వవచ్చు. మూడేళ్ల తొమ్మిది నెలల్లో ఏమేమి కట్టబోయాడో ఒక్కొక్కటిగా, డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో, ఎక్కడ ఆగిపోయిందో లెక్కతో సహా చెప్పారు. 1828లో జాతీయ ద్రవ్య బ్యాంకు పెట్టాడు. దేశంలో మదుపు పెట్టేవారు కరువై, ఎయ్‌నార్ వంటి విదేశీ మిత్రుల సొమ్ము మీద ఆధారపడి, అది చివరకు 1834లో మూతపడింది. బూడిద నుంచి లేచే పక్షి పేరు మీద ఫీనిక్స్ అనే వెండి నాణెం తెచ్చాడు, టంకసాల ఎజీనాలో. వెండి చాలక సుమారు 12,000 నాణేలే ముద్రించగలిగారు, కాబట్టి సంతల్లో విదేశీ నాణేలే చెలామణి అయ్యాయి. 1831లో కాగితపు నోట్లు తెస్తే వెనుక దన్ను లేని ఆ కాగితాన్ని జనం తీసుకోలేదు. పేరులో పునర్జన్మ ఉన్నంత మాత్రాన నాణేనికి విలువ రాదని ఈ కథ వింటుంటే తెలిసింది. 1832లో దాని స్థానంలో ద్రాఖ్మా వచ్చింది.

డబ్బు విషయంలో ఓడిన మనిషి రోగం విషయంలో గెలిచాడు. 1828లో హైడ్రా, స్పెట్సెస్ దీవుల్లో ప్లేగు కనిపించగానే, తాను స్వయంగా వైద్యుడు కావడంతో, రాకపోకలను కట్టడి చేసి, క్వారంటైన్ కేంద్రాలు పెట్టించి, అది దేశమంతటికీ పాకకుండా ఆపగలిగాడు. కరోనా రోజులను చూసినవారికి ఆ కట్టడిని వర్తకులు ఎందుకు ద్వేషించారో కూడా సులభంగానే అర్థమవుతుంది. అదే ఏడాది సైనికాధికారుల పాఠశాల తెరిచాడు. తిరిన్స్ దగ్గర వ్యవసాయ పాఠశాల, ఎజీనాలో యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు అనాథ శరణాలయం, 1829లో అక్కడే తొలి జాతీయ పురావస్తు ప్రదర్శనశాల నెలకొల్పాడు. ఆ శరణాలయ భవనమే తరువాతి కాలంలో జైలుగా మారింది. ప్రభుత్వం ఇవ్వజూపిన జీతాన్ని తీసుకోలేదు. బంగాళదుంపలను ఊరికే పంచితే ఎవరూ తీసుకోకపోవడంతో, కుప్ప పోయించి కాపలా పెట్టించాడనీ, కాపలా ఉందంటే విలువైనదేమోనని జనం రాత్రికి రాత్రి దొంగిలించి సాగు మొదలుపెట్టారనీ ఒక కథ గ్రీసులో ప్రసిద్ధం. ఇలాంటి కథనే యూరపులో మరికొందరి పేరు మీద కూడా చెబుతారని అధ్యాపకులు గుర్తుచేసి, దానిని కథగానే వదిలేశారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. ఆ రోజు గ్రీసు ఇరవై సెంట్ల యూరో నాణేన్ని చేతులు మార్చి అందరికీ చూపించారు. దాని మీద ఉన్నది కపోదిస్త్రియాస్ ముఖమే. పది సెంట్ల మీద విప్లవ రచయిత రిగాస్ ఫెరేయోస్, యాభై సెంట్ల మీద తరువాతి కాలపు ప్రధాని వెనిజెలోస్ ఉంటారు.

ఈ పాఠంలో ఒక వెలితిని చెప్పి తీరాలి. కపోదిస్త్రియాస్ బడుల్లో ప్రవేశపెట్టిన పద్ధతి పరస్పర బోధన: ఉపాధ్యాయులు చాలనప్పుడు పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం. దానిని ఇంగ్లండులో జోసెఫ్ లాంకాస్టర్ కనిపెట్టాడని ఒక్క ముక్కలో తేల్చేశారు. లాంకాస్టర్‌కు పోటీగా ఆ ఘనతను కోరుకున్న మరో వ్యక్తి ఆండ్రూ బెల్. ఆయన 1789 నుంచి మద్రాసులో, ఎగ్మోరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని నడుపుతూ, స్థానిక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టి, పెద్ద పిల్లల చేత చెప్పించి, 1797లో లండన్‌లో దాని మీద నివేదిక అచ్చువేశాడు. అందుకే ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి అనే పేరు స్థిరపడింది. గుంటూరు ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. మన ముత్తాతలు దిద్దింది అలాంటి ఇసుకలోనే. దక్షిణాది అరుగుబడిలోని ఒక అలవాటు ఇంగ్లండు మీదుగా ఎజీనా అనాథల దాకా చేరిన దారిని విజయవాడలో చెప్పే పాఠం వదిలేయడం అన్యాయం. విరామంలో ఈ సంగతి విన్నవించాను. వచ్చే విడతలో చేరుస్తామన్నారు.

అయిదో పాఠం మాని, హైడ్రాల గురించి. మాని అంటే పెలొపొనెసస్ దక్షిణ కొసన రాతి బురుజుల ఇళ్లలో, వంశ వైరాలతో, ఎవరికీ పన్ను కట్టకుండా బతికిన కొండసీమ. దాని పెద్ద పెత్రోబే మావ్రోమిఖాలిస్. వీరిని అధ్యాపకులు రాయలసీమ పాళెగాళ్లతో పోల్చారు. పోలిక సగం దూరం నడుస్తుంది. అంతకు రెండు మూడు దశాబ్దాల ముందు దత్తమండలాల్లో థామస్ మన్రో పాళెగాళ్ల కోటలు, సైన్యాలు, పన్ను హక్కులు లాక్కున్నాడు. కపోదిస్త్రియాస్ చేయదలచినదీ అదే. కానీ మన్రో వెనుక కంపెనీ పటాలాలు ఉన్నాయి, గవర్నరు వెనుక జీతాలు అందని దండు ఉంది. పైగా పెత్రోబే స్వాతంత్ర్య యుద్ధాన్ని ముందుండి నడిపిన వారిలో ఒకడు. ఆ మనిషిని 1831లో నాఫ్ప్లియోలో ఖైదు చేయడం దేశం కోసం పోరాడిన తమ సీమనే అవమానించినట్టు మానివారికి తోచింది.

హైడ్రా కథ ఇంకా చేదు. యుద్ధంలో ఓడలు పోగొట్టుకున్న యజమానులు పరిహారం అడిగారు, ఖజానా ఇవ్వలేకపోయింది, వారి దీవి నుంచి ప్రతిపక్ష పత్రిక వెలువడసాగింది. 1831 ఆగస్టులో, యుద్ధకాలపు మహా నావికుడు ఆండ్రేయాస్ మియావులిస్ పోరోస్ రేవులో జాతీయ నౌకాదళాన్ని స్వాధీనం చేసుకుని, రష్యా ఓడలు చుట్టుముట్టేసరికి, న్యూయార్కులో కట్టించి 1826లో తెచ్చుకున్న హెల్లాస్ అనే యుద్ధనౌకను తన చేతులతోనే తగలబెట్టించాడు. అధ్యాపకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి నీళ్లు తాగారు. అక్టోబరు 9, ఆదివారం ఉదయం, నాఫ్ప్లియోలో సెయింట్ స్పిరిడాన్ చర్చిలోకి వెళ్లబోతున్న గవర్నరును పెత్రోబే సోదరుడు కాన్‌స్టాంతిస్, కొడుకు గెయోర్గిస్ కాల్చి, పొడిచి చంపారు. ఒకడు అక్కడే హతుడయ్యాడు, రెండోవాడు ఫ్రెంచి ప్రతినిధి ఇంట దాక్కుని, ఆపై పట్టుబడి మరణశిక్షకు గురయ్యాడు. ఆ చర్చి గోడ మీద తూటా గుర్తును నేటికీ భద్రపరిచి చూపుతారు.

హత్యను ఇంత క్లుప్తంగా చెప్పినవారు హత్యకు ముందరి తప్పులను ఇంకాస్త వివరంగా చెప్పి ఉండవలసింది. గవర్నరు తన అన్నదమ్ములు వియారోస్, అగుస్తినోస్‌లను పెద్ద పదవుల్లో కూర్చోబెట్టాడు. ప్రతిపక్ష పత్రికల నోరు నొక్కాడు, ప్రత్యర్థుల మీద నిఘా పెట్టించాడు. 1830లో గ్రీసు సింహాసనం ఇవ్వజూపిన లియోపోల్డు రాకుమారుడు (తరువాత బెల్జియం రాజైనవాడు) దానిని వద్దనడానికి కపోదిస్త్రియాస్ రాసిన ఉత్తరాలే కారణమన్న అభియోగం కూడా ఆనాడు వినిపించింది. ఇవన్నీ ఒక్క చీటీ మీది అంశాల్లా చదివేసి దాటించారు. ఆయన మీద అధ్యాపకులకు అభిమానం ఉంది. అది దోషం కాదు. కానీ మూడో పాఠంలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు దొరికే చోటు ఇదే కదా. నా మట్టుకు నేను, రాజ్యాంగాన్ని ఆపడాన్ని 1828లో సమర్థిస్తాను, 1831లో సమర్థించను. ప్లేగునూ ఇబ్రహీం దండునూ దాటిన తరువాత కూడా ఆయన అధికారాన్ని పంచుకోలేదు.

ఆరో పాఠం పరుగుల మీద సాగింది. అగుస్తినోస్ కొద్ది నెలల పాలన, 1833లో బవేరియా నుంచి ఓథో రాజు రాక, 1924 నుంచి 1935 వరకు నిలిచిన గణరాజ్యం, 1974 డిసెంబరు ప్రజాభిప్రాయ సేకరణలో రాచరికం రద్దు, నేటి అయిదేళ్ల అధ్యక్ష పదవి అన్నీ ఒకే ఉదయంలో కుక్కారు. ఏడేళ్లకు ఎన్నికైన గవర్నరు చేతిలో ఉన్న అధికారానికీ, పార్లమెంటు ఎన్నుకునే నేటి అధ్యక్షుడి లాంఛన పాత్రకూ మధ్య దూరాన్ని మాత్రం స్పష్టంగా చూపారు.

ఇక వసతుల సంగతి. గది రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు గమనించాలి. ఫ్యాన్లు బాగానే తిరుగుతాయి, వెనుక వరుసకు మాట వినబడదు కాబట్టి ముందుగా వెళ్లడం మేలు. విరామంలో ఇచ్చే టీ బాగుంటుంది. గుంటూరు నుంచి వచ్చేవారికి పది గంటల సమయం అనువైనదే. స్పైరల్ బైండింగు చేసిన జెరాక్సు నోట్సులో మాత్రం పెద్ద లోపం ఉంది. గ్రీసులో ఆనాడు పాత పంచాంగం వాడుకలో ఉండేది. అది మనం వాడే పంచాంగం కంటే పన్నెండు రోజులు వెనుక. నోట్సులో హత్య తేదీ ఒకచోట సెప్టెంబరు 27, మరోచోట అక్టోబరు 9 అని ఉంది. రెండూ ఒకే రోజని ఎక్కడా చెప్పలేదు. పోరోస్ ఘటనకూ ఇదే గందరగోళం. ఇలాంటి నోట్సు చదివి పరీక్ష రాసేవారు చిక్కులో పడతారు.

గ్రూప్స్ ప్రశ్నలకు సూటిగా పనికివస్తుందనే ఆశతో మాత్రమే చేరేవారికి ఈ కోర్సును సిఫారసు చేయను. ప్రపంచ చరిత్ర భాగంలో కపోదిస్త్రియాస్ మీద ప్రశ్న రావడం కష్టమే. పాలన అంటే ఆసక్తి ఉన్నవారు, చరిత్ర బోధించేవారు, ఉద్యోగ విరమణ చేసి తీరిక ఉన్నవారు నిస్సందేహంగా చేరవచ్చు. తదుపరి విడతకు మరో గ్రీకు నాయకుణ్ణి తీసుకోవాలని కేంద్రంవారు ఆలోచిస్తున్నారట. అది మొదలుపెట్టేలోపు ఒక పెద్ద పటం కొని గోడకు తగిలించి, నోట్సులో తేదీలు సరిచేయిస్తే, అప్పుడు రుసుము మరో రెండు వందలు పెంచినా అడ్డుచెప్పను.